ముందు నీళ్లు, తర్వాత పేరు

నేను చదివేది బీఎస్సీ. చట్టాల గురించి రాయడానికి వీడికేం అధికారం ఉందని లా కాలేజీ మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వనీయండి. చట్టం తెలియకపోవడం వల్ల నా చేతుల మీదుగా జరిగిపోయిన ఒక సంగతి చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మాది కామారెడ్డి వైపు పల్లె. నాలుగెకరాల వ్యవసాయం. క్రిందటి సంక్రాంతి సెలవులు అయిపోయాక పొద్దున్నే రైలు దిగి మల్కాజ్‌గిరి స్టేషన్లో నిలబడ్డాను. భుజాన బియ్యం సంచి, చంకలో రికార్డు బుక్కు. పది గంటలకు ప్రాక్టికల్ పరీక్ష.

ప్లాట్‌ఫారం చివర కుళాయి దగ్గర ఒక పిల్లవాడు కూర్చున్నాడు. పదేళ్లుంటాయేమో. చొక్కా వాడిది కాదు, మోకాళ్ల దాకా ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు. పేరేమిటని తెలుగులో అడిగాను, హిందీలో అడిగాను. చెప్పలేదు. చివరికి రెండే మాటలన్నాడు: "ఖాలా... బాలాపూర్." కవరులో ఉన్న కాగితం చూపించాడు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డుకు జిరాక్సు అది. దానిమీద ఒక ఆడమనిషి ఫొటో. ఖాలా అంటే పిన్ని. ఆమెను వెతుక్కుంటూ ఒక్కడే వచ్చాడన్నమాట.

పక్కన చాయ్ అమ్మే పెద్దమ్మ అంది: "బర్మా పోరడు లెక్కున్నడు బిడ్డా. పోలీసోళ్లకు చెప్తె బయటిదేశపోడని లోపలేస్తరు. నీకెందుకు?"

ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. పోలీసులకు చెప్పకపోవడమే వాడికి మేలని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అసలు కారణం పది గంటల పరీక్ష. బిస్కెట్ ప్యాకెట్ కొనిచ్చి, ఇరవై రూపాయలు చేతిలో పెట్టి, "ఇక్కడే కూర్చో, సాయంత్రం వస్తా" అని సైగ చేసి, లాలాపేట మీదుగా తార్నాక చేరుకున్నాను.

సాయంత్రం వెళ్లేసరికి వాడు లేడు.

"ఎవడో చుట్టమని వచ్చి తోల్కపోయిండు" అంది పెద్దమ్మ.

"ఏడ్చిండా?"

"ఏడ్వలే. ఎన్కకు సూస్కుంట పోయిండు."

హాస్టల్లో మా పై గదిలో ఉండే అన్న లా చదువుతున్నాడు. వాళ్లది విశాఖ. రాత్రి అన్నం ముందు కూర్చుని ఈ సంగతి చెబితే ఆయన ముద్ద ఆపేశాడు. "తమ్ముడూ, మా ముత్తాత కూడా ఇలాగే వచ్చాడు" అన్నాడు. ఒకప్పుడు ఆ వైపు జనం కూలి కోసం ఓడెక్కి రంగూన్ పోయేవారట. వాళ్ల నోట అది 'రంగం'. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్లు మన తెలుగువాళ్లను కోరంగీలని పిలిచేవారట. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షలమంది భారతీయులు కాందిశీకులై బయలుదేరారు. ఎందరో అడవుల్లో నడిచి వచ్చారు, ఎందరో దారిలోనే రాలిపోయారు. తల్లిదండ్రులు పోగా అన్న ముత్తాత పదేళ్ల వయసులో పరాయివాళ్ల వెంట ఇల్లు చేరాడు. ఆ పరాయివాళ్లు మంచివాళ్లు కాబట్టి సరిపోయింది.

"మంచివాళ్లు కాకపోతే? అందుకే చట్టం" అన్నాడు అన్న.

ఆయన చెప్పింది నాకర్థమైనంతలో ఇది. మన దేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో చేరలేదు. శరణార్థుల కోసం వేరే చట్టమూ లేదు. కాగితాలు లేకుండా వచ్చినవాణ్ని విదేశీయుల చట్టం విదేశీయుడిగానే చూస్తుంది. 1946 చట్టం పోయి 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త చట్టం వచ్చినా ఆ చూపు మారలేదు. కానీ అదే పిల్లవాణ్ని చూడడానికి ఇంకో చట్టం ఉంది. 2015 బాలల న్యాయ చట్టం. బాలుడంటే పద్దెనిమిదేళ్లు నిండని 'వ్యక్తి' అంటుందది, పౌరుడు అనదు. తల్లిదండ్రుల ఆచూకీ దొరకని బిడ్డ, యుద్ధాలూ అల్లర్ల బారిన పడ్డ బిడ్డ రక్షణ పొందవలసిన బిడ్డ అంటుంది. అలాంటివాణ్ని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుంచాలి. పోలీసే తీసుకుపోవాలని లేదు. మనలాంటివాళ్లు తీసుకుపోవచ్చు, పిల్లవాడు తనంతట తానూ వెళ్లవచ్చు. చుట్టమని వచ్చినవాడు నిజంగా చుట్టమా కాదా అని విచారించి, బిడ్డను ఎవరి చేతుల్లో పెట్టాలో తేల్చేది ఆ సమితే. అప్పటిదాకా నీడ, తిండి ఇవ్వాలి. భారతదేశం 1992లో చేరిన బాలల హక్కుల ఒడంబడిక 22వ అధికరణం కూడా ఒంటరి శరణార్థి బిడ్డకు రక్షణ ఇవ్వాలనీ, అయినవాళ్లను వెతకాలనీ చెబుతుంది.

ఇదంతా ఉన్నా వాడి కష్టం తీరిపోదని కూడా అన్న చెప్పాడు. పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ కాపాడవలసిందేనని 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు అంది. 2021లో రోహింగ్యాల విషయంలో మాత్రం, పద్ధతి ప్రకారం అయితే వెనక్కి పంపవచ్చని అంది. అంటే సమితి వాడికి దేశాన్ని ఇవ్వలేదు. కానీ ఆ సాయంత్రం ఎవడో చెయ్యి పట్టుకుని తీసుకుపోకుండా ఆపగలిగేది.

ఆ రాత్రే అన్న నా చేత 1098కి ఫోను చేయించాడు. స్టేషన్లో రైల్వే పోలీసులకు చెప్పించాడు. వాళ్లు శ్రద్ధగానే రాసుకున్నారు. కానీ నేను చెప్పగలిగిన ఆనవాళ్లేమిటి? పొడుగు చొక్కా, ప్లాస్టిక్ కవరు. వాడి పేరైనా నాకు తెలియదు. తర్వాత రెండు ఆదివారాలు బాలాపూర్ వెళ్లి రోహింగ్యా కుటుంబాలుండే బస్తీల్లో అడిగాను. అక్కడ ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరి కోసం ఎదురుచూస్తున్నారు. వాడి పిన్ని మాత్రం దొరకలేదు.

ప్రాక్టికల్స్‌లో నాకు యాభైకి నలభై ఆరు వచ్చాయి.

మా ఊళ్లో తప్పిపోయిన దూడ వాకిట్లోకి వస్తే ముందు కుడితి పెడతాం, నీడన కట్టేస్తాం, తర్వాత ఎవరిదని నాలుగిళ్లు అడుగుతాం. అడగవచ్చినవాడు గుర్తులు సరిగ్గా చెబితేనే పలుపు విప్పుతాం. ఆ చట్టం చెప్పేదీ ఇంతే. ఉగాదికి ఊరెళ్లినప్పుడు మా బాపుకు ఈ సంగతంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి ఒక్కటే అడిగాడు: "దూడనైతే ఇడ్సిపెట్టి వస్తుంటివా?"

మిత్రులారా, మల్కాజ్‌గిరి, సీతాఫల్‌మండి, జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ. మనం రోజూ ఎక్కి దిగే స్టేషన్లివి. కుళాయి పక్కన ఒంటరి బిడ్డ కనిపిస్తే వాడిది ఏ దేశమని అడగకండి. 1098కి ఫోను చేయండి. వాళ్లు వచ్చేదాకా పక్కనే కూర్చోండి. పరీక్ష మళ్లీ రాసుకోవచ్చు.