అంచు రాలిన ఊఫర్

1997లో మొదలైన దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ దాదాపు 2,300 హెక్టార్ల పేట. గోదాములు, ఫ్యాక్టరీలు, కార్మికుల క్యాంపులు దాటితే కుటుంబాలుండే అపార్ట్‌మెంట్లు వస్తాయి. అక్కడ జగిత్యాల నుంచి వచ్చిన అన్న ఒకాయన పాత స్పీకర్లు బాగుచేస్తాడని విని ఓ సెలవు రోజు వెళ్లాను. పగలు ఫ్యాక్టరీలో మోటార్ల మెయింటెనెన్స్, రాత్రిళ్లు ఈ పని.

డైనింగ్ టేబుల్ మీద దుప్పటి పరిచి, బేస్ పలికించే పది అంగుళాల ఊఫర్‌ను వెల్లకిలా పెట్టాడు. కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు వేలు తగలగానే ఏళ్లనాటి అప్పడంలా విరిగింది.

"బాగా మోగించారా అన్నా?"

"మోగిస్తే ఏంగాదు తమ్మీ, ఊకె పెట్టినా పోతది."

నిజమే. పాత స్పీకర్లలోని పాలియురెథేన్ ఫోమ్‌ను గాలిలోని తేమే తినేస్తుంది. గల్ఫ్ ఎండ, సముద్రపు ఉక్కపోత ఆ పనిని తొందరపెడతాయి. గుడ్డ అంచు, రబ్బరు అంచు చాలా ఎక్కువకాలం నిలుస్తాయి. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ 1954లో ఏఆర్-1 అనే స్పీకర్‌తో చూపించిన పద్ధతిలో పెట్టెను బిగుతుగా మూసేసి లోపలి గాలినే స్ప్రింగ్‌గా వాడతారు. అలాంటి పెట్టెకు అంచు చిరిగితే బేస్ పోయినట్టే.

పాత జిగురును స్పిరిట్‌తో ఓపిగ్గా తుడిచాడు. అసలు పని ఆ తర్వాతే. కోన్ మధ్యనున్న టోపీని బ్లేడుతో కోసి తీసి, రాగి కాయిల్‌కూ లోపలి ఇనుప దిమ్మెకూ మధ్య ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కలు దూర్చాడు. అక్కడి సందు మిల్లీమీటరు కూడా ఉండదు. కొత్త అంచు కోన్‌ను కొంచెం పక్కకు లాగినా కాయిల్ రాసుకుంటుంది. "నడిమిట్ల లేకుంటే గర్‌గర్ అంటది" అన్నాడు. టోపీ కోయకుండా 30 హెర్ట్జ్ శబ్దం పెట్టి, చెవితో సరిచూసుకుంటూ అంటించేవాళ్లూ ఉన్నారు. ఈయనకు దాని మీద నమ్మకం లేదు. జిగురు ఆరేదాకా ఫిల్మ్ ముక్కలు కదలకూడదు, అంటే రేపటిదాకా.

ఈలోగా, నిన్న అంటించిన ఇంకో ఊఫర్‌కు ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తాకించాడు. ప్లస్‌కు ప్లస్ కలిపితే కోన్ ముందుకు రావాలి. వచ్చింది.

శబ్దాన్ని బేస్‌గా, సన్న స్వరాలుగా విడదీసే క్రాసోవర్‌లోని కెపాసిటర్లను వయసు చూసి అన్నీ పీకేయడు. మీటర్‌తో కొలిచి, విలువ మారినవే తీస్తాడు. నాకు నచ్చింది ఇదే. ఖరీదైన కొత్త సరుకంతా నింపి పాత స్పీకర్‌ను బాగుచేశామనేవాళ్లను చాలామందినే చూశాను.

రెండో పెట్టెలో సన్న స్వరాలు పలికే ట్వీటర్ మీటర్‌కు అసలు పలకలేదు, లోపల తీగ తెగింది. వేరేది వేస్తే మోగుతుంది కానీ జత కుదరదు. అదే మోడల్ దొరికేదాకా ఆగాల్సిందేనని స్పీకర్ల యజమానికి ఫోన్‌లో చెప్పేశాడు. అవతలాయన బేరం మొదలుపెట్టాడు.