ఓ కాపీ ఇయ్యరాదే!

మా షార్జాలో నవంబరు వచ్చిందంటే, చలికంటే ముందు పుస్తకాల జాతర వస్తుంది. 1982లో మొదలైంది, ఇప్పుడు ఎక్స్‌పో సెంటర్‌లో జరుగుతోంది. భారతీయ ప్రచురణకర్తలుండే హాల్లోకి వెళితే మలయాళీల పెళ్లిపందిట్లోకి వచ్చినట్టే ఉంటుంది. ఇక్కడ పగలంతా ఉద్యోగం చేసుకుని రాత్రిళ్లు రాసుకున్నవాళ్ల పుస్తకాలు వరసపెట్టి ఆవిష్కరణ అవుతుంటాయి. స్నేహితులు డబ్బిచ్చి కొంటారు, సంతకం పెట్టించుకుంటారు, ఆ తర్వాతే ఫొటో.

ఆ సందడి చూస్తూ నా పక్కన నిలబడ్డ జగిత్యాల మిత్రుడి భుజాన ఓ సంచి ఉంది. అందులో అతని కథల పుస్తకాలు పది. గోదాములో స్టోర్‌కీపరు. పోయిన సెలవుల్లో హైదరాబాదులో సొంత డబ్బుతో మూడు వందల కాపీలు వేయించాడు. విమానానికి సామాను ముప్పై కిలోలు మించకూడదు. అమ్మ కట్టిచ్చిన మామిడికాయ తొక్కు ఇంట్లో ఆగిపోయింది, కథలు ఎక్కాయి.

దిగిన నాటినుంచి అందరిదీ ఒకటే పలకరింపు: ‘‘పుస్తకమేసినవట! మాకో కాపీ ఇయ్యరాదే!’’

ప్రేమతోనే అంటారు, సందేహం లేదు. కానీ పుస్తకం వెల నూటయాభై రూపాయలు. లెక్కేస్తే ఏడు దిర్హాములు కూడా కాదు, ఓ షవర్మా ఖరీదు. షవర్మా అంగడి ముందు నిలబడి ‘ఎంత?’ అంటాం. పుస్తకం ముందు మాత్రం ‘నాకేదీ?’ అంటాం.

సొంతంగా వేసుకోవడం మనకు కొత్తా, చిన్నతనమా? కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ మొదలుపెట్టి, తర్వాత సొంత అచ్చుకూటమే పెట్టుకున్నాడు. ఈనాటికీ తెలుగు పుస్తకం రెండో పేజీ తిప్పి చూడండి. చాలావాటిలో ప్రచురణ సంస్థ పేరు రచయిత కూతురిదో, తల్లిదో అయి ఉంటుంది. ‘ప్రతులకు’ అన్న మాట కింద ఉన్నది ఆయన ఇంటి చిరునామానే. ఫోను చేస్తే ఎత్తేదీ ఆయనే, అట్ట చుట్టి పోస్టాఫీసులో వరసలో నిలబడేదీ ఆయనే. పుస్తకాల షాపులో పెడితే కమీషను పోగా చేతికొచ్చేది తక్కువ, అదీ ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకే నేరుగా కొన్న ఒక్క కాపీకి అంత విలువ.

జాలిపడి కొనమనడం లేదు. సొంత ప్రచురణల్లో అచ్చుతప్పులుంటాయి, అచ్చుకు తొందరపడ్డవీ ఉంటాయి. నాలుగు పేజీలు చదవండి, నచ్చకపోతే పెట్టేయండి. నచ్చితే మాత్రం వెల ఇచ్చి తీసుకోండి. చదివాక ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ నవ్వారో ఫోను చేసి చెప్పండి. రచయిత రెండో పుస్తకం రాసేది ఆ ఫోను అండతోనే.

మళ్లీ మావాడి సంగతి. వెంట తెచ్చిన కాపీల్లో మిగిలినవి కారు డిక్కీలోనే ఉండిపోయాయి. ఆగస్టు వచ్చింది. ఇక్కడి ఎండకు బైండింగు జిగురు కరిగి, తెరిస్తే పేజీలు చేతికి ఊడొచ్చాయి. మావాడు దిగులుగా వాటిని చెత్తబుట్ట దగ్గరికి మోసుకుపోతుంటే, అతని గదిలో ఉండే నిజామాబాద్ తమ్ముడొకడు ఆపి ఓ కాపీ తీసుకున్నాడు. ఆ శుక్రవారం నేను వెళ్లేసరికి గదిలో మంచాల మీద నలుగురూ ఆ ఒక్క పుస్తకాన్నే చదువుతున్నారు. పై మంచం వాడు చదివిన కాగితాన్ని కిందికి వదులుతున్నాడు, కిందివాడు అందుకుంటున్నాడు. ‘‘పన్నెండో పేజీ ఎవని దగ్గరుందిరా?’’ అని కేక.

లేచి వచ్చి ఆ తమ్ముడు పది దిర్హాముల నోటు మావాడి జేబులో కుక్కాడు.

‘‘ఊడిపోయిన పుస్తకానికి పైసలేందిరా?’’

‘‘కాయితాలే ఊడినయన్నా. కథ ఊడలే గదా!’’