ఆకాశమునఁ దొడపాశము

ఇరువది సంవత్సరములకుఁ బైగా మేము బడిపంతులపని చేయుచున్నాము. పిల్లలను అదుపులో నుంచుట మాకు బాగుగా వచ్చిన విద్య యని తోడి యుపాధ్యాయు లనుచుందురు. మేమును లోలోపల నట్లే యనుకొనుచుంటిమి. ఆ గర్వము గత వేసవిసెలవులలో ఆకాశమధ్యమున భంగమయ్యెను. చెప్పుకొనుటకు సిగ్గే, కాని చెప్పకున్నచో మావంటి తండ్రులకుఁ బనికివచ్చు మాట యొకటి మఱుగునఁ బడిపోవును.

మా బావమఱది గృహప్రవేశమునకై హైదరాబాదునుండి ఢిల్లీకి విమానముపైఁ బోవలసివచ్చినది. రైలులో నొక పగలును నొక రాత్రియుఁ బట్టు దూరమును విమానము రమారమి రెండుంబావు గంటలలో దాఁటును. మాకు వయసు మీఱినపిదపఁ గలిగిన సంతానము ఇరువురు: అయిదేండ్లు నిండి యాఱవయేఁడు నడుచుచున్న కుమారుఁడు, ఏఁడాదిన్నర కూఁతురు. రెండేండ్లు నిండని శిశువునకు వేఱు సీటు అక్కఱలేదు. తల్లి యొడిలోనే కూర్చుండఁబెట్టి, తల్లి బెల్టునకుఁ దగిలించు చిన్న బెల్టుతో బిగింతురు.

బయలుదేఱుటకు ముందు పిల్లవానికి మేము చేసిన బోధ యిది: "అల్లరి చేశావంటే పైలటు నిన్ను కిటికీలోంచి కిందకి తోసేస్తాడు." విమానపు కిటికీ తెఱుచుకొనదని యెఱిఁగియుఁ జెప్పిన యబద్ధమది. బూచివాఁడు, పోలీసువాఁడు, సూది పొడుచు డాక్టరు - మన యిండ్లలోఁ బిల్లలను భయపెట్టుటకై తరతరములుగా వాడుకొనుచున్న జాబితాలో మేము పైలటు పేరు కూడఁ జేర్చితిమి.

దాని ఫలము వెంటనే కనఁబడినది. కిటికీప్రక్క సీటుకై యితరుల పిల్లలు పోరాడుచుండఁగా మావాఁడు దానిని జూచి వడఁకిపోయెను. కావున మేము కిటికీప్రక్కను, వాఁడు నడుమను, శిశువుతో మా యిల్లాలు నడవప్రక్కను గూర్చుంటిమి. కాళ్లు నేల కానని బిడ్డ యగుటచే, వాని కాళ్లు ఊఁగినప్పుడెల్ల ముందుసీటు వీఁపునకుఁ దగులుచుండెను. ముందువారు రెండుమాఱులు వెనుదిరిగి చూచిరి, ఏమియు ననలేదు. ఆ చూపే మాకు ముల్లయ్యెను. రైలుపెట్టెలోఁ బిల్లవాఁ డేడ్చినచో నలుగురును నాలుగు మాటలందురు. ఒకరు అరఁటిపండిత్తురు, ఒకరు ఎత్తుకొని కిటికీ చూపుదురు. విమానములో నెవరి మౌనము వారిది. ఆ మౌనములో బిడ్డ యేడ్పు తండ్రి చెవికి నూఱింతలుగా వినఁబడును.

కొంతసేపటికి వాఁడు నిద్రించెను. హమ్మయ్య యనుకొంటిమి. విమానము ఢిల్లీ సమీపించి క్రిందికి దిగ మొదలిడిన కొంతసేపటికి మేల్కొని, రెండు చెవులను అరచేతులతో గట్టిగా మూసికొని, గుక్కపట్టి యేడువసాఁగెను. మా మాట విననొల్లక చెవులు మూసికొనుచున్నాఁడని మేము తలఁచితిమి. బుజ్జగించితిమి, బెదరించితిమి, పైలటును గూడఁ దలఁచితిమి. ముందువారు మూఁడవమాఱు వెనుదిరిగిరి. అంతట నెవ్వరికిని గనఁబడకుండ వాని తొడపాశము పెట్టితిమి.

వాఁడు నిర్ఘాంతపోయి మావైపు చూచెను. పిదప నోరు మూసికొని, శబ్దము లేకుండ నేడువ మొదలిడెను. సద్దణఁగినది. గెలిచితి మనుకొంటిమి.

అప్పుడు నడవ కావలిప్రక్కఁ గూర్చున్న యొక వృద్ధురాలు మెల్లగా ననెను: "నాయనా, పిల్లాడు చెవులు పట్టుకున్నాడు. నొప్పేమో అడిగారా?" అని, సంచిలోనుండి పటికబెల్లపు ముక్క తీసి మా యిల్లాలి చేతి కిచ్చి, "చప్పరిస్తూ మింగమను తల్లీ" అని చెప్పెను. కొన్ని నిమిషములకు వాఁడు చేతులు దించెను.

మే మడుగలేదు. అడుగవలయునని తోఁచనేలేదు.

బడి తెఱిచినపిదప మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయుఁడు దీని కారణము వివరించెను. విమానము ముప్పది, నలువది వేల యడుగుల యెత్తున నెగురుచున్నను, లోపలి గాలి యొత్తిడిని ఇంచుమించు ఆఱు మొదలు ఎనిమిది వేల యడుగుల కొండమీఁది గాలికి సమానముగా నుంతురు. దిగునప్పు డా యొత్తిడి పెరుగును. కర్ణభేరి వెనుకనున్న గాలి యంత త్వరగా సరిపడకున్నచో, భేరి లోనికి నొక్కుకొని బాధించును. చెవినుండి గొంతు వెనుకకు సన్నని నాళ మొకటి గలదు. 16వ శతాబ్దపు ఇటలీ శరీరశాస్త్రజ్ఞుఁడు యూస్టాకీ పేర దానిని యూస్టేషియన్ నాళ మందురు. మ్రింగినప్పుడును, ఆవులించినప్పుడును అది తెఱుచుకొని యొత్తిడిని సరిచేయును. పసివారిలో నది మఱింత యిఱుకు. నిద్రించు బిడ్డ తఱచుగా మ్రింగఁడు. జలుబున్నచో బాధ యింకను హెచ్చు.

మఱి మా శిశువేల యేడువలేదు? దిగుచున్నంతసేపు తల్లి పాలిచ్చుచునే యుండెను. ఏ గ్రంథమును జూడక యామె చేసిన పని శాస్త్రసమ్మతము; రెండు భాషల గ్రంథములు చదివి మేము చేసినది మూఢాచారము.

ఔను, రెండు భాషలవి. అయిదేండ్లు లాలించి, పిదపఁ బదియేండ్లు దండింపుమను నీతిని మేము సంస్కృతములో వల్లించితిమి. బెత్తమును దాఁచినచో బిడ్డ చెడునను సామెతను ఇంగ్లీషులోఁ జదివితిమి. వేఱువేఱు దేశముల పెద్ద లొక్కమాటయే చెప్పిరి గదా, సత్యమే కాఁబోలు ననుకొంటిమి. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టములోని 17వ విభాగము బడిలో బాలలను గొట్టుటను నిషేధించినది. 2010 ఏప్రిలు 1వ తేదీన నా చట్టము అమలులోనికి వచ్చినపుడు మేము మా బెత్తమును బీరువాలోఁ బెట్టితిమి. వ్రేళ్లను మాత్రము వెంటఁ దెచ్చుకొని విమానమెక్కితిమి.

పదిదినముల పిదపఁ దిరుగుప్రయాణము. ఈమాఱు ముందునాఁడే వానిని గూర్చుండఁబెట్టుకొని, "కిటికీ తెరుచుకోదు. నేను అబద్ధం చెప్పాను" అంటిమి. వానిని కుర్చీలోఁ గూర్చుండఁబెట్టి వెనుకనుండి మా పాదముతో దానిని రెండుమాఱులు తట్టితిమి. ముందువారి కెట్లుండునో వానికి బోధపడినది. విమానాశ్రయములోఁ గాళ్లు నొచ్చునంతవఱకు నడిపించితిమి. రంగుపెన్సిళ్లు, బొమ్మలపుస్తకము మొదలగువాని నన్నింటిని ఒక్కసారిగా నీయక, ఒకటి విసిగినపిదప నింకొకటి యిచ్చితిమి. దిగుటకు ముందే నిద్ర లేపి పటికబెల్ల మిచ్చితిమి. శిశువునకు మాత్రము పాలే. గట్టిముక్క గొంతు కడ్డుపడు ప్రమాదము గలదు.

అయినను సర్వము సుఖముగా జరగలేదు. నడుమఁ బాప పావుగంట యేడ్చినది. బెల్టుదీప మాఱియుండుటచే నెత్తుకొని నడవలోఁ దిరిగితిమి. ఈసారి మేమే ముందుగా ఇరుగుపొరుగువారితో, "క్షమించండి, పాపకు విసుగుపుట్టింది" అంటిమి. అంతవఱకు ముఖము ముడుచుకొని కూర్చున్న పెద్దమనిషి యొకఁడు నవ్వి, తన తాళపుచెవుల గుత్తి యాడించి చూపెను. పోవునప్పటి మౌనపు గోడను గట్టినవారు ఇతరులు మాత్రమే కారని యప్పుడు తెలిసినది. బిడ్డ యల్లరి నణఁచుట యని మేము పేరుపెట్టుకొన్న దానిలో బిడ్డ క్షేమము కొంచెము. నలుగురిలో మా తల వంగునేమో యను వెఱపే హెచ్చు.

ఇంకొక్క మాట చెప్పి ముగింతుము. తిరుగుప్రయాణములో విమానము కదలుటకు ముందు బెల్టు బిగించుచుండఁగాఁ గుమారుఁడు మా చేతిని రెండుచేతులఁ బట్టుకొని యడిగెను: "నాన్నా, ఈసారి నొప్పి వస్తే నీతో చెప్పొచ్చా? గిల్లవు కదా?"

వాఁడు మఱచినాఁడని మే మనుకొంటిమి. చుట్టముల యింట నాడుచుఁ బాడుచు నున్నను, పదిదినములు ఆ ప్రశ్నను లోపల మోయుచునే యుండెను. "చెప్పొచ్చు నాన్నా" అంటిమి. వాఁడు మా చేతిని వెంటనే విడువలేదు. విమానము నేల విడిచినదాఁక వ్రేళ్లను బట్టుకొనియే కూర్చుండెను.