మెట్ల మీద 14 నిమిషాలు

విశాఖలో పిల్లల మానసిక వైద్యం చేసే ఒక డాక్టరమ్మ దగ్గర కేస్‌షీటు ఎప్పుడూ అమ్మానాన్నల మాటలతోనే మొదలవుతుంది. పిలిస్తే పలకడు, చెప్పింది వినడు, మొండి. పిల్లాడేమన్నాడో రాసుకోవడానికి మిగిలేది కాగితం అడుగున రెండు గీతలు. ఆ రెండు గీతలు చాలవని ఆవిడకు మొదట తోచింది ఒక ఇంగ్లీషు నవల చదివాక.

మార్క్ హాడన్ 2003లో వెలువరించిన 'ద క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ద డాగ్ ఇన్ ద నైట్‌టైమ్' అది. స్విండన్ ఊళ్ళో ఉండే 15 ఏళ్ల క్రిస్టఫర్ కథ చెబుతాడు. తనకున్నదేమిటో పేరు పెట్టి చెప్పడు గానీ, చదివేవాళ్లకు ఆటిజం అని తెలిసిపోతుంది. తండ్రి ఎడ్ బాయిలర్లు బాగుచేసే మనిషి. భార్య ఇల్లు వదిలి వెళ్ళిపోతే, గుండెజబ్బుతో పోయిందని కొడుక్కి చెప్పి, ఆమె రాసిన ఉత్తరాలు బీరువాలో దాచేస్తాడు. కొడుకు మీద చెయ్యి చేసుకుంటాడు. వీధిలోని ఒకావిడ కుక్కను చంపిందీ ఆయనే. ఇంతే వింటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

క్రిస్టఫర్ మాత్రం ఇంతే చెప్పి ఊరుకోడు. చూసిందంతా వరసపెట్టి అప్పజెబుతాడు. కౌగిలించుకుంటే వాడికి పడదు కాబట్టి తండ్రి చెయ్యెత్తి వేళ్లు విసనకర్రలా చాపుతాడు, వాడూ చాపి వేళ్లకు వేళ్లు తాకిస్తాడు. ఉత్తరాలు బయటపడ్డ రోజు వాంతి చేసుకుని పడి ఉన్నవాణ్ని లేపి, బట్టలు విప్పి, కడిగి శుభ్రం చేసిందీ ఆ తండ్రే. అందులో ప్రేమెంతో, తప్పు చేశానన్న బాధెంతో కొడుకు చెప్పడు. అది తేల్చుకోవాల్సింది మనమే. తల్లికి ఉత్తరాలున్నాయి, తన మాటల్లో తన గోడు చెప్పుకుంది. ఎడ్‌కి ఆ వీలు లేదు. చివర్లో వంటింటి టైమర్ ఐదు నిమిషాలకు తిప్పిపెట్టి, అది మోగేదాకా మాట్లాడనివ్వమని కొడుకును బతిమాలుకుంటాడు. డాక్టరమ్మ ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయింది.

 

ఆ తర్వాత కొన్నేళ్లకు ఒక 12 ఏళ్ల కుర్రాడు వచ్చాడు. తండ్రి అంతకు ముందు రెండుసార్లు పిలిచినా రాలేదు, ఇప్పుడు వాడితో వచ్చాడు. ఆయన మీద ఆవిడ అప్పటికే ఒక అభిప్రాయానికి వచ్చేసింది. ఈసారి ముందు పిల్లాణ్నే అడిగింది, నిన్న పొద్దున ఏం జరిగిందో చెప్పమని.

"6:40కి నాన్న ఇడ్లీ పెట్టాడు. చట్నీ ఇడ్లీకి తగలకుండా వేరే గిన్నెలో వేశాడు. నేను షూ వేసుకోలేదు. నాన్న రెండు దెబ్బలు కొట్టాడు. బస్సు వెళ్ళిపోయింది. నాన్న బయట మెట్ల మీద 14 నిమిషాలు కూర్చున్నాడు."

గొంతులో ఫిర్యాదు లేదు. చట్నీ గిన్నెకూ దెబ్బలకూ ఒకటే స్వరం. కొట్టడం కుదరదని ఆవిడ ఆయనకు అక్కడే గట్టిగా చెప్పింది. ఆయన తల దించుకునే విన్నాడు. మెట్ల సంగతి మాత్రం ఆయన తనంతట తాను ఎన్నటికీ చెప్పి ఉండేవాడు కాదు.

కాసేపటికి కొడుకు వైపు తిరిగాడు. "నువ్వు లోపల టీవీ చూస్తున్నావు కదరా?"

"ఆపేశాను," అన్నాడు వాడు, గోడ గడియారం మీంచి చూపు తిప్పకుండానే. "కిటికీ దగ్గర ఉన్నాను."