నిలువుగా వల్లె వేద్దాం

ఆవర్తన పట్టికను బట్టీ పట్టాలా అని పిల్లలు అడిగితే పట్టాలనే చెబుతాను. ఫోన్ తీస్తే 118 మూలకాలూ క్షణంలో కనిపిస్తాయి, నిజమే. కానీ ఒక సంగతికీ ఇంకో సంగతికీ లంకె తట్టాలంటే రెండూ ముందు మన బుర్రలో ఉండాలి. నా పేచీ అంతా ఏది నోటికి రావాలి, ఏ వరసలో రావాలి అన్నదాని గురించే.

మన బళ్లలో హైడ్రోజన్, హీలియం, లిథియం, బెరీలియం అంటూ అడ్డంగా మొదలుపెట్టి కాల్షియం దాకా ఇరవయ్యీ ఏకబిగిన అప్పజెప్పిస్తారు. అది కావలసిందే. అక్కడ ఆగకుండా అదే ఊపులో వంద దాకా లాక్కెళ్లడం వల్లనే పిల్లలకు ఈ పాఠం అంటే విసుగు పుడుతోంది. అమెరికాలో టామ్ లెహ్రర్ అనే లెక్కల మేష్టారు 1959లో మూలకాల పేర్లన్నీ కలిపి పాట కట్టాడు. వినడానికి మహా హుషారుగా ఉంటుంది. ప్రాస కోసం పేర్లను ఇష్టమొచ్చిన వరసలో పేర్చాడు గనక, ఆ పాట నేర్చినవాళ్లకు పేర్లు వస్తాయి, పట్టిక రాదు.

పట్టిక గుట్టంతా నిలువు వరసల్లో ఉంది. 1869లో మెండలీఫ్ దీన్ని కట్టేనాటికి తెలిసిన మూలకాలు 63. ఒకే స్వభావం ఉన్నవి ఒకే కుటుంబంలో పడాలని పట్టుబట్టి, తగింది దొరకని చోట గడి ఖాళీగా వదిలేశాడు. అల్యూమినియం తర్వాతి ఖాళీకి ఏక-అల్యూమినియం అని పేరుపెట్టి, దాని సాంద్రత 5.9 దాకా ఉంటుందన్నాడు. 1875లో ఫ్రాన్సులో లకాక్ ద బోబోద్రాన్ గాలియం కనిపెట్టి, సాంద్రత 4.7 అని తేల్చాడు. లోహాన్ని బాగా శుద్ధిచేసి మళ్లీ కొలవమన్నాడు మెండలీఫ్. కొలిస్తే 5.9 వచ్చింది.

రెండో గ్రూపునే తీసుకోండి. బెరీలియం, మెగ్నీషియం, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, రేడియం. ఆరే పేర్లు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలోని న్యూజెర్సీలో ఆడపిల్లలు గడియారాల అంకెలకు రేడియం కలిపిన రంగు వేసేవారు. కుంచె మొన సన్నబడాలంటే పెదాల మధ్య పెట్టి తీయమని ఫ్యాక్టరీలో నేర్పారు. కొన్నేళ్లకు పళ్లు ఊడాయి, దవడ ఎముకలు కుళ్లాయి, ఎందరి ప్రాణాలో పోయాయి. రేడియం వెతుక్కున్నట్టు ఎముకకే ఎందుకు చేరింది? అది కాల్షియం ఉన్న వరసలోదే. రెంటికీ బయటి కక్ష్యలో రెండేసి ఎలక్ట్రాన్లు. శరీరం తేడా పోల్చుకోలేక రేడియాన్ని కూడా కాల్షియంలాగే ఎముకలో దాచుకుంది. అణు పరీక్షల ధూళిలోని స్ట్రాన్షియం-90 పాలతో పాటు పసిపిల్లల పళ్లలోకి చేరింది కూడా ఈ దారినే. ఆరు పేర్లు పైనుంచి కిందికి నోటికి వచ్చిన పిల్లకు ఈ ఘోరం వినగానే కారణం తట్టాలి. నేను కంఠస్థం కోరేది అందుకే.

అదే వరసలోని బేరియం మన మంగంపేట గనుల్లో ముగ్గురాయిగా దొరుకుతుంది. రసాయనికంగా అది బేరియం సల్ఫేట్. నీళ్లలో కరిగే బేరియం లవణాలు విషం. అయినా పేగుల ఎక్స్‌రేకి ముందు ఆసుపత్రిలో బేరియం సల్ఫేట్ తాగిస్తారు. మెగ్నీషియం సల్ఫేట్ నీళ్లలో ఇట్టే కరుగుతుంది, కాల్షియం సల్ఫేట్ కొద్దిగానే కరుగుతుంది, బేరియం దగ్గరికి వచ్చేసరికి దాదాపు కరగనే కరగదు. కరగదు కాబట్టి రక్తంలో కలవకుండా బయటికి పోతుంది. వరసలో కిందికి దిగుతున్నకొద్దీ గుణం ఒక పద్ధతిగా మారడం ఇలా ఉంటుంది.

ఇక ఎలా నేర్చుకోవాలి? ముందు జడవాయువుల పరమాణు సంఖ్యలను ఎక్కంలా నోటికి పట్టించాలి: 2, 10, 18, 36, 54, 86, 118. ఇంటర్ చదువుతున్న మా మేనకోడలికి ఇదే చెప్పాను. తెల్లకాగితం మీద ఖాళీ గళ్లు గీసుకుని, కుడి అంచున ఈ ఏడు సంఖ్యలూ వేసుకుంది. 56 ఎక్కడ అని అడిగితే, “54 దాటి రెండు, రెండో గ్రూపు. బేరియం, మావయ్యా” అంది. 53 అంటే 54కు ఒకటి తక్కువ, అంటే హాలోజన్, అయోడిన్. 

ఇంత అక్కరకొచ్చే ఈ జడవాయువుల వరస మెండలీఫ్ మొదటి పట్టికలో లేనే లేదు. అప్పటికి ముందు ఏడాదే, 1868 ఆగస్టు 18న, గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం చూడవచ్చిన ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడు. ఆ జ్వాలల వెలుగులోని ఒక పసుపు గీత తెలిసిన ఏ మూలకానిదీ కాదని తర్వాత ఇంగ్లండులో లాకియర్ తేల్చాడు. అదే హీలియం. భూమ్మీద దాన్ని పట్టుకోవడం 1895లో రామ్సేకి గాని కుదరలేదు. గుంటూరు పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు ఈ కథ తప్పకుండా చెప్పాలి.

జడవాయువుల సంఖ్యలు నోటికి వచ్చాక 1, 2 గ్రూపులూ, 13 నుంచి 18 దాకా ఉన్నవీ నిలువుగా వల్లె వేస్తే దాదాపు 50 మూలకాలు వచ్చేస్తాయి. స్కాండియం నుంచి జింక్ దాకా పది మాత్రం అడ్డంగానే రావాలి. లాంథనైడ్లు, ఆక్టినైడ్లు బట్టీ అక్కర్లేదు, పట్టికలో వాటి చోటు తెలిస్తే చాలు. పరమాణు భారాలూ అంతే, లెక్కలు చేస్తుంటే కావలసినవి వాటంతటవే గుర్తుంటాయి. 119వ మూలకాన్ని తయారుచేయాలని జపాన్‌లో ఇప్పటికే ప్రయత్నిస్తున్నారు. అది దొరికితే ఏ గడిలో వేయాలో చెప్పడానికి ఇంటర్ పిల్ల చాలు: 118 దాటి ఒకటి, ఎనిమిదో పీరియడ్ మొదట్లో, ఫ్రాన్సియం కింద.