పంట లేని ఏడాది కోత పండుగ

చిత్రావతిలో ఇప్పుడు చెలమలు కనబడవు. పుట్టపర్తి దగ్గర ఆ ఏరు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. మోకాటి లోతు తోడితే చెమ్మ, ఇంకాస్త తోడితే నీళ్ళు. మొదట ఊరిన బురద నీళ్ళు చిప్పతో ఎత్తి పారబోసి, తేటపడేదాకా పక్కన కూర్చోవాలి. బిందె నిండేసరికి ఊళ్ళో సంగతులన్నీ అయిపోయేవి. తర్వాత ఇసుక లారీలెక్కింది. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చి అనంతపురం జిల్లాలో వందల పల్లెలకు కొళాయి నీళ్ళిచ్చింది. ఆ నీళ్ళు మమ్మల్ని కులమేదని, మతమేదని అడగలేదు. చెలమలు పోయినందుకు నాకు దిగులు లేదు. బిందెలు మోసి నడుములు పోగొట్టుకున్న ఆడవాళ్ళకు అసలే లేదు. ఆ కాలంతో పాటు పోయినవి ఇంకొన్ని ఉన్నాయి. దిగులు వాటికోసం.

మాది పుట్టపర్తికి నడిచి పోయేంత దూరంలో ఉన్న పల్లె. ఊరవతల మా ఇండ్లు, వాటి నడుమ ప్రార్థన మందిరం. మందిరమంటే మట్టిగోడలు, పైన బోద కప్పు. శనివారం సాయంత్రం పేడతో అలికితే ఆదివారం ఆరాధన దాకా ఆ వాసన ఉండేది. పాస్టరయ్య ఎప్పుడో ఒకసారి ప్రభు భోజనం ఇవ్వడానికి వచ్చేవాడు. మిగతా ఆదివారాలన్నీ ఉపదేశివే. ఆయన ఆస్తి ఒక సైకిలు, ఒక పెట్రోమాక్సు లైటు, అట్ట ఊడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. పురుషోత్తమ చౌదరి కీర్తనలు చదువు రాని అవ్వలకు కూడా చరణాలతో సహా నోటికి వచ్చేవి. మా పెద్దవాళ్ళు 'మేం లండన్ మిషనోళ్ళం' అని చెప్పుకునేవాళ్ళు. లండన్ మిషనరీ సొసైటీ 1810లో బళ్ళారికి, 1822లో కడపకు వచ్చి, మెల్లగా ఈ మెట్టసీమ పల్లెల్లోకి పాకింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. కాగితాల మీద పేరు మారింది గానీ మా వాళ్ళ నోట మారలేదు.

ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక ముంత ఉండేది. సంగటికి గింజలు కొలిచినప్పుడల్లా మా అవ్వ అందులోంచి పిడికెడు తీసి ముంతలో వేసేది. ఆదివారం ఆ ముంతలన్నీ మందిరంలో ఒకే గోతంలోకి ఒలికేవి. రాగులు, కొర్రలు, సజ్జలు, ఎప్పుడన్నా బియ్యం, అన్నీ కలిసిపోయేవి. వాటిని చెరిగి వేరు చెయ్యడం ఉపదేశి భార్యకు సోమవారం పని. వాళ్ళ బతుకులో సగం ఆ గింజలే. "పిడికెడు ఎందుకవ్వా?" అంటే, "ఈ పొద్దు తినడానికి ఉంది కదా నాయనా, అందుకు" అనేది. రేపు గోతాలకొద్దీ వస్తాయని ఆమె ఎన్నడూ చెప్పలేదు.

కోత పండుగ శనక్కాయ పీకి, ఒలిచి, కట్టె వామి వేశాక వచ్చేది. మందిరంలో బల్ల మీద తొలి పంట పెట్టి ప్రార్థన చేసి, బయట చెట్టు కింద వేలం పాట పెట్టేవాళ్ళు. పావలా సొరకాయ రెండు రూపాయలకు పోయేది. పాడుకున్నాయన దాన్ని ఇంటికి తీసుకుపోకుండా మళ్ళీ బల్ల మీద పెట్టేవాడు. మళ్ళీ పాట. ఒకే సొరకాయ నలుగురి చేతులు మారి, చివరికి ఆ ఏడు ఇంట్లో సంపాదించే మనిషి పోయిన వాళ్ళ గడపకు చేరేది. ఎవరు పంపారో చెప్పేవాళ్ళు కాదు.

ఒక ఏడాది శనక్కాయకు ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. చెట్టు పీకితే వేరు తప్ప కాయ లేదు. చేలల్లోకి పశువులను తోలేశారు. ఈ ఏడు పండుగ ఏం పెట్టుకుంటాంలే అన్నారు పెద్దమనుషులు. ఉపదేశి ఒప్పుకోలేదు. పండుగ జరిగింది. బల్ల మీద మునగాకు కట్ట, చింతపండు ముద్ద, రెండు కోడిగుడ్లు, పొరకలు, ఒక కట్టెల మోపు. ఒకామె ఏమీ లేక చెంబుతో చెలమ నీళ్ళు తెచ్చి పెట్టింది. ఆ చెంబుకు పాట పెడితే ఎవరూ పాడలేదు. తలా ఒక గుక్క తాగి చెంబు తిరిగి ఆమెకిచ్చారు.

ఆ పొద్దు ఉపదేశి హబక్కూకు గ్రంథం చివరి అధ్యాయం చదివాడు. అంజూరం పూయకపోయినా, దొడ్లో గొర్రె లేకపోయినా దేవుడిలో సంతోషిస్తానన్న ప్రవక్త సంగతి అది. మాలో ఎవరూ అంజూరపు చెట్టు చూసినవాళ్ళు కారు గనుక, 'శనక్కాయ ఊడ దిగకపోయినా' అని చెప్పుకొచ్చాడు. "పంట ఇచ్చినందుకే మొక్కితే మనం మొక్కేది పంటకు. ఆయన మన పాపాలకు ప్రాణమిచ్చినాడు. మనం మంచోళ్ళమని ఇయ్యలేదు, ఊరికే ఇచ్చినాడు. దాన్ని ఏ కరువూ ఎండబెట్టలేదు." ఆ ఉపదేశికి బైబిలు కాలేజీ చదువు లేదు. పౌలు ఎఫెసీయులకు రాసిన కృపా సిద్ధాంతం మాత్రం ఆ మాటల్లో మొత్తం ఉంది.

అనంతపురం సీమలో ఏటా పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ పక్కచేలో పడి మన చేలో పడకపోవచ్చు. నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా వాన కురిపించే తండ్రి గురించి యేసు కొండమీద చెప్పాడు. వాన రాని చోట ఉన్నవాళ్ళకు ఆ మాట రెండోవైపు నుంచి అర్థమైంది: కరువు కూడా నీతీ అనీతీ చూసి రాదు. చేను ఎండినవాడు పాపి కాడు, నిండినవాడు పుణ్యాత్ముడూ కాడు. ఈ ఒక్క సంగతి తెలిసి ఉండటం వల్లే, అప్పులపాలైనవాడు కూడా మందిరంలో ముందు వరుసలో తలెత్తుకు కూర్చోగలిగాడు.

తర్వాత టీవీ వచ్చింది, దాని వెనక ఫ్లెక్సీలు వచ్చాయి. మండల కేంద్రాల్లో ఆశీర్వాద మహాసభలు, స్వస్థత మహాసభలు మొదలయ్యాయి. ఎర్ర కార్పెట్టు, కీబోర్డు, కోటు వేసుకున్న దైవజనుడు. సభ గేటు దగ్గర నూనె సీసాలు, కుర్చీ కుర్చీకి కానుక కవరు. ఆ బోధ ఎక్కువగా మూడు వచనాల మీద నిలబడేది. మలాకీలో దశమభాగం, యోహాను మూడో పత్రికలో వర్ధిల్లమన్న పలకరింపు, మార్కు సువార్తలో నూరంతలు. మార్కు అదే వచనంలో హింసలు కూడా వస్తాయని ఉంది. మైకులో ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి కీబోర్డు మోగేది.

'విత్తనం వెయ్యండి' అనడం ఈ సభల్లో ఊతపదం. అమెరికాలో ఓరల్ రాబర్ట్స్ ఈ 'విత్తన విశ్వాసం' మీద 1970లో పుస్తకమే రాశాడు. విశ్వాసంతో నోట పలికితే ఆరోగ్యమూ ఐశ్వర్యమూ దక్కుతాయని కెన్నెత్ హేగిన్ లాంటివాళ్ళు బోధించారు. ఆ సరుకు క్యాసెట్ల మీద, టీవీల మీద మన దాకా వచ్చింది. విచిత్రమేమిటంటే, విత్తనం గురించి అనంతపురం రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఖరీఫ్ ముందు సబ్సిడీ విత్తన కాయల కోసం ఎండలో వరస కట్టేది ఆయనే. వేసిన ప్రతి గింజా మొలవదని, మొలిచిన ప్రతి చెట్టూ కాయదని ఆయనకు తెలుసు. నూరంతలు గ్యారంటీ అని విత్తనాల అంగడాయన చెబితే నవ్వి లేచి వచ్చేవాడు, అదే మాట మైకులో విని తల వంచాడు.

మా వీధిలో ఒకాయన బోరు వేయిస్తే దుమ్ము వచ్చింది. సభకు పోయి, భార్య కమ్మలు కుదువబెట్టిన డబ్బు కవర్లో పెట్టి వచ్చాడు. రెండో బోరులోనూ దుమ్మే. అడగబోతే, నీలో అవిశ్వాసం ఉంది, లేదా నీ ఇంట్లో ఎవరిదో దాచిన పాపం అడ్డం పడుతోంది అన్నారు. ఆ రాత్రి నుంచి ఆయన భార్యను చూసే చూపు మారింది. డబ్బు పోవడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. బూడిదలో కూర్చున్న యోబుకు స్నేహితులు చెప్పిన న్యాయం సరిగ్గా ఇదే, ఆ గ్రంథం చివర దేవుడు కోప్పడింది వాళ్ళ మీద. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులడిగితే, వీడూ కాదు వీడి కన్నవాళ్ళూ కాదన్నాడు యేసు.

జనం ఆ సభలకు ఊరికే పోలేదు. ఆస్పత్రి బిల్లు, వడ్డీ వ్యాపారి, పెళ్ళికి ఎదిగిన పిల్ల. పాత సంఘాల్లో ఆరాధన క్రమం పుస్తకం చూసి చదవడమే తప్ప, జ్వరంతో ఉన్న బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఏడ్చి ప్రార్థించేవాళ్ళు తగ్గిపోయారు. దేవుడు స్వస్థపరచడని ఎవరూ అనడం లేదు. 2010లో కేప్‌టౌన్‌లో జరిగిన సువార్తిక క్రైస్తవుల లోజాన్ మహాసభ ప్రకటన ఇక్కడ గీత సరిగ్గా గీసింది: దేవుడి అద్భుత శక్తిని నమ్ముతాం, అది మన మాటలకూ కానుకలకూ క్రియలకూ దానంతటదే కదిలి వస్తుందని నమ్మం. 1517లో మార్టిన్ లూథర్ తిరగబడిన పాప పరిహార పత్రాల వ్యాపారంలోనూ ఇదే తప్పు. ఉచితంగా దొరికేదానికి ధర చీటీ అంటించారు.

పేదవాడికి అన్నం పెట్టడం, నీళ్ళివ్వడం వేరే సంగతి. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ అప్పటికి కాథలిక్ జెసూట్ సంఘ గురువు. ఆ మరుసటేడాదే ఆ సంఘం వదిలి, ఆర్డీటీ అనే గ్రామీణాభివృద్ధి ట్రస్టును పెంచి, 2009లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన చేసిన పనికి ఎవరూ బాప్తిస్మం బదులివ్వాల్సి రాలేదు.

అన్నానికీ బాప్తిస్మానికీ మధ్య గోడ కట్టాల్సిన అవసరం తెలుగు సంఘానికి ఒకసారి నిజంగా వచ్చింది. 1876–78 ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి, కూడు చూపించాడు. బాప్తిస్మం కావాలని జనం వెంటపడితే, కరువు తీరేదాకా ఎవరికీ ఇయ్యనని ఆపేశాడు. కూటి కోసం వచ్చేవాళ్ళెవరో, క్రీస్తు కోసం వచ్చేవాళ్ళెవరో తేలాలన్నాడు. కరువు సాయం ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూటి కోసం మతంలో కలిశారన్న ఎత్తిపొడుపు ఆ తర్వాతా ఆగలేదు. అయినా అవకాశం చేతిలో ఉండగా వాడుకోకుండా ఆగినవాడు ఒకడున్నాడు.

ఇప్పుడు మా పల్లెలకు కావలసింది అలా ఆగగల కాపరి. బోరు ఫెయిలైనవాడు కవరు పట్టుకొస్తే, "ఇది తీసుకుపోయి కమ్మలు విడిపించుకో నాయనా. ఆదివారం మాత్రం వట్టి చేతులతో రా, ముందు వరుసలో కూర్చో" అని తిప్పి పంపగలవాడు.