తార్నాక దారిలో జపాన్ కారు

తార్నాక అన్న పేరు ‘తార్ నాకా’ నుంచి వచ్చిందని ఇక్కడి పాతవాళ్లు చెబుతారు. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. ఒకప్పుడు ఇక్కడ తీగ కంచె, దాని దగ్గర కాపలా చౌకీ ఉండేవట. ఇప్పుడు ఆ కంచె లేదు, చౌకీ లేదు. సికింద్రాబాద్ నుంచి ఉప్పల్ వెళ్లే రోడ్డు, ఫ్లైఓవర్, 2017 నుంచి మెట్రో స్టేషన్, పొద్దున్నుంచి రాత్రిదాకా ఆగని హారన్లు. కాస్త అటూ ఇటూగా చూస్తే దేశంలో పేరున్న పరిశోధనా సంస్థలన్నీ ఇక్కడే వరసకట్టి ఉన్నాయా అనిపిస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ, వాటన్నిటికంటే ముందు నుంచీ ఇక్కడున్న ఐఐసీటీ. ఈ చివరిదానికి మూలం 1944లో హైదరాబాద్ సంస్థానం పెట్టిన ప్రయోగశాలలు. 1956లో అది రీజినల్ రీసెర్చ్ లాబొరేటరీ అయింది, 1989లో ఇప్పటి పేరు వచ్చింది. మా వయసువాళ్లు మాత్రం ఇంకా ‘ఆర్‌ఆర్‌ఎల్’ అనే అంటారు.

ఇంత రసాయనశాస్త్రం నడిచే పేటలో ఒక కారు, దానికి పోసే పెట్రోలు గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవడం తప్పేం కాదు.

మా మేనల్లుడు పదేళ్ల సంపాదనలో దాచుకున్నదంతా పెట్టి ఒక సెకండ్ హ్యాండ్ మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ టెన్ కొన్నాడు. కుర్రాళ్లు ముద్దుగా ‘ఇవో’ అంటారు. మన దేశంలోకి 2010లో నేరుగా జపాన్ నుంచి తయారై వచ్చిన కారు. రెండు లీటర్ల ఇంజనే, కానీ టర్బో ఉంది. జపాన్‌లో ఆ ఇంజన్ దాదాపు 300 హార్స్‌పవర్ ఇస్తుంది. ఆ కంపెనీ ఇవో తయారీనే ఆపేసింది కాబట్టి ఇంజన్ పోతే ఇంకోటి దొరకడం అంత తేలిక కాదు. మా వాడి భయమంతా అక్కడే ఉంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం నన్ను ఎక్కించుకుని తార్నాక వైపు నుంచి ఉస్మానియా క్యాంపస్‌కి బయల్దేరాడు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నాలుగో గేర్లో, తక్కువ స్పీడులో ఉండి యాక్సిలరేటర్ గట్టిగా నొక్కాడు. ముందు బానెట్ లోపల గాజు సీసాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు టకటకమని చప్పుడు.

“ఏంట్రా అది?” అన్నాను.

“అదే మామయ్యా, మొన్నటి నుంచి వస్తోంది. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ” అన్నాడు. మొహం మాడిపోయింది.

క్యాంపస్‌లోకి వచ్చాక ఆ చప్పుడు లేదు. ఉండదు కూడా. ఆ రోడ్ల మీద ఎవరైనా నెమ్మదిగా పోవాల్సిందే. హాస్టళ్ల నుంచి పుస్తకాలు పట్టుకుని వచ్చే పిల్లలు, గుంపులుగా నడిచే వాకర్లు, అడుగడుక్కీ స్పీడ్ బ్రేకర్లు. నేలకు దగ్గరగా ఉండే ఆ కారును వాడు ఒక్కో బ్రేకర్ మీద నుంచి పసిపిల్లను దింపినట్టు దింపుతున్నాడు. ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్టు నీడన ఆపాం. 1939లో ప్రారంభమైన ఆ గులాబీ రంగు రాతి భవనాన్ని ఎన్నిసార్లు చూసినా ఇంకోసారి తలెత్తి చూడాలనిపిస్తుంది. వాడు మాత్రం దానివైపు చూడలేదు. పెట్రోల్ ట్యాంకు మూత తీసి నిలబడ్డాడు.

అసలు సంగతి ఆ మూత దగ్గరే ఉంది. పెట్రోలుకు ఆక్టేన్ అని ఒక కొలత ఉంటుంది. ఐసో ఆక్టేన్ అనే పదార్థానికి 100, హెప్టేన్‌కి సున్నా అని పెట్టుకుని, మిగతా పెట్రోళ్లన్నిటినీ వాటితో పోల్చి నంబరు ఇస్తారు. ఆ నంబరు ఎక్కువైతే బలం ఎక్కువని చాలామంది అనుకుంటారు. కాదు. సిలిండర్లో గాలి, పెట్రోలు కలిసి గట్టిగా నొక్కుకుపోయి వేడెక్కినప్పుడు, తనంతట తాను భగ్గుమనకుండా పెట్రోలు ఎంతసేపు ఓర్చుకుంటుందో ఆ నంబరు చెబుతుంది. స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట వెళ్లేలోపే ఒక మూలన పెట్రోలు తనే పేలితే, ఆ దెబ్బే మనకు టకటకమని వినిపిస్తుంది. దాన్నే నాకింగ్ అంటారు. గట్టిగా, ఎక్కువ కాలం జరిగితే పిస్టన్లు దెబ్బతింటాయి.

జపాన్‌లో రెండు రకాల పెట్రోలు అమ్ముతారు. అక్కడి ప్రమాణం ప్రకారం మామూలుదానికి కనీసం 89, హై ఆక్టేన్ దానికి కనీసం 96 ఉండాలి. రెండోది దాదాపు 100తో దొరుకుతుంది. ఇవో లాంటి టర్బో కార్లను ఆ రెండో దానికే తయారు చేశారు. మన దగ్గర బీఎస్-2 కాలంలో మామూలు పెట్రోలు 88, తర్వాత 91 అయింది. అమెరికాలో ఉన్న మన పిల్లలు “ఇక్కడ 87 పోస్తే చాలు” అంటే కంగారు పడకండి. వాళ్ల లెక్క వేరు. అక్కడి 87 మన లెక్కలో సుమారు 91.

ఆర్ట్స్ కాలేజీ నుంచి తిరిగొచ్చి తార్నాక సందులో తెలిసిన మెకానిక్ దగ్గర ఆపాం. ఆయన ల్యాప్‌టాప్ తెచ్చి కారుకి తగిలించాడు.

“అన్నా, ఇంతకుముందు ఓనర్ ఎవరో గానీ కంప్యూటర్ల సెట్టింగు మార్చిండు. టర్బో ప్రెషర్ పెంచిండు. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుకి పెట్టిన సెట్టింగు ఇది. నువ్వు సాదా పెట్రోలు పోస్తున్నవ్.”

“మరి ఇంజన్ పోయిందా అన్నా?” మా వాడి గొంతు వణికింది.

“పోలె. ఇట్లనే ఇంకో ఎండాకాలం నడిపితే పోతుండె.”

ఇలాంటి కార్లలో నాకింగ్‌ని వినే సెన్సార్ ఒకటి ఉంటుందని ఆయన చూపించాడు. అది చప్పుడు వినగానే కంప్యూటర్ స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేస్తుంది. ఇంజన్ బతుకుతుంది, కానీ పవర్ తగ్గుతుంది, మైలేజీ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. పైగా మన మే ఎండ. లోపలికి పోయే గాలే సలసల కాగుతుంటే నాకింగ్ ఇంకా త్వరగా వస్తుంది. సెట్టింగు మరీ మొండిగా ఉంటే సెన్సార్ కాపాడగలిగిన హద్దు దాటిపోతుంది.

“అయితే ఇప్పుడు బంకుల్లో ఈ20 కదా, 95 ఆక్టేన్ అంటున్నారు. అది సరిపోదా?” అని అడిగాను.

మెకానిక్ నవ్వాడు. “ఒక చెయ్యి ఇస్తది, ఇంకో చెయ్యి గుంజుకుంటది సార్.”

ఆయన చెప్పింది నిజమే. ఇథనాల్ ఆక్టేన్ దాదాపు 108. కాబట్టి 20 శాతం కలిపితే నంబరు పెరుగుతుంది. కానీ లీటరుకు ఇథనాల్లో ఉండే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. ఈ20కి తయారు కాని కార్లకు మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లోనే చెప్పింది. జపాన్ పెట్రోల్లో ఇంత ఇథనాల్ కలపరు. పాత కార్ల రబ్బరు పైపులు, సీళ్లు దానికి తట్టుకోకపోవచ్చు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలకోసారి బయటికి తీసే కారుకి అది ఇంకా ఇబ్బంది. టర్బో పూర్తి ప్రెషర్లో ఉన్నప్పుడు, ఈ పెట్రోలుకి తగ్గట్టు కంప్యూటర్లో లెక్క మార్చకపోతే, ఇంజన్‌కి అందాల్సినంత ఇంధనం అందదు. మళ్లీ వేడే.

చివరికి తేలింది ఇదీ. కంపెనీ ఇచ్చిన అసలు సెట్టింగు మళ్లీ ఎక్కించారు. గట్టిపడిన రెండు పైపులు మార్చారు. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో మొదలుపెట్టిన 100 ఆక్టేన్ పెట్రోలు లాంటిది దొరికిన రోజున అది పోయాలి. ఖరీదు ఎక్కువే. దొరకని రోజున మామూలుది పోసి, కాలు తేలిగ్గా వేసి, ఎత్తు ఎక్కేటప్పుడు గేరు తగ్గించి నడపాలి. కారును ఊరికే వారాల తరబడి నిలబెట్టకూడదు.

“పవర్ తగ్గిపోతుంది కదన్నా?” అన్నాడు మా వాడు, ఆశ చావక.

“తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా నీకు ఎంత పవర్ గావాలె అన్నా?” అన్నాడాయన.

అది విని నవ్వాడు కానీ, కొన్నది కాస్త కోల్పోయినట్టే ఉంది వాడి మొహం. ఆ బాధ నాకు అర్థమైంది. పదేళ్లు కలగన్న బండి. అయితే ఇప్పుడు టకటక లేదు. వారానికి ఒకరోజు తెల్లవారకముందే క్యాంపస్ చుట్టూ ఒక రౌండు వేసి, హబ్సిగూడ మీదుగా ఇంటికొస్తాడు. బంకుకి వెళ్తే ధర కంటే ముందు ఆక్టేన్ అడుగుతున్నాడు.

మీ దగ్గర ఇలాంటి కారు లేకపోవచ్చు. అయినా ఒకసారి మీ బండి పెట్రోల్ మూత తీసి లోపల ఏం రాసి ఉందో, మాన్యువల్లో ఏ నంబరు ఉందో చూడండి. 91 చాలని ఉంటే ఖరీదైన పెట్రోలు పోసినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. 95 అని ఉంటే మాత్రం బంకులో ఆ ధర తేడా దగ్గర బేరం పెట్టుకోకండి.